గ్యాసు పెట్టే ముందు: మాధవికి పెదనాన్న లేఖ

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు హైదరాబాదులో ఆరడుగుల అక్వేరియం పెట్టి, అందులోని మొక్కలకు సిలిండరుతో కార్బన్ డయాక్సైడ్ అందించబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పగానే పొంగిపోయాను. అది పడకగదిలో అని తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు. కనుక ముందు ఆ సంగతే.

మన గోలీసోడా కొట్టులో, ఎంత వాన కురిసినా, సిలిండరున్న గది షట్టరును మీ తాతయ్య పూర్తిగా దించనిచ్చేవారు కాదు. ఆయన చదువుకోలేదు కానీ ఆ భయం సరైనదే. ఈ వాయువుకు రంగు లేదు, గాలికంటే బరువు కనుక నేలబారున పేరుకుంటుంది. అయిదు కిలోల గ్యాసు మొత్తం కారిపోతే దాదాపు 2,800 లీటర్లవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో అది పదో వంతు, మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. కిటికీలు మూసి, ఏసీ వేసుకుని పడుకునే గదిలో దాన్ని ఉంచడానికి నీకు మనసెలా ఒప్పిందమ్మా? హాలులో పెట్టుకో. ఎండ తగిలే బాల్కనీ కూడా వద్దు, ఎందుకంటే 31 డిగ్రీలు దాటాక లోపలిది ద్రవంగా నిలవదు, పీడనం వేగంగా పెరుగుతుంది. సిలిండరును నిలువుగానే ఉంచి గొలుసుతో గోడకు బిగించు.

నీ ట్యాంకులో నీరే దాదాపు 680 కిలోలు. నేల సంగతి ఇంజనీరును అడుగు. పంచదార, ఈస్టు కలిపి గ్యాసు పుట్టించే సీసాలు ఇంత నీటికి చాలవు. సిలిండరు పీడనాన్ని తగ్గించి గ్యాసును బయటికి వదిలే రెగ్యులేటరు రెండు దశలది కొను. ఒకే దశదైతే సిలిండరు ఖాళీ అయ్యే వేళ బయటి పీడనం పెరిగి గ్యాసు ఒక్కసారిగా నీటిలోకి పోవచ్చు. ద్రవం అయిపోయేదాకా మీటరు ముల్లు దాదాపు కదలదు కాబట్టి, ఎంత మిగిలిందో తూకం వేసి తెలుసుకో. కరెంటుతో గ్యాసును తెరిచి మూసే సోలెనాయిడ్ వాల్వును ఇన్వర్టరుకు, ఫిల్టరును మామూలు కరెంటుకు కలపవద్దు: కరెంటు పోతే నీటి ప్రవాహం ఆగి, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది.

గ్యాసు ఎంత పోతోందో తెలియడానికి పెద్ద ట్యాంకులో బుడగలు లెక్కపెట్టడం వృథా. ట్యాంకు బయట ఉండే క్యానిస్టర్ ఫిల్టరు నుంచి వచ్చే గొట్టానికి, గ్యాసును నీటిలో కరిగించే రియాక్టరు కలిపి, గ్యాసు పూర్తిగా కరిగాకే నీరు ట్యాంకులోకి వచ్చేటట్లు చూడు. డ్రాప్ చెకర్‌ను ఆ గొట్టం తెరుచుకునే చోటికి దూరంగా, ఎదుటి మూలలో తగిలించు. నీటిలో గ్యాసు ఎంతుందో రంగుతో చూపే చిన్న గాజు బుడ్డి అది.

ఇక రాజమండ్రి సంగతి. సోడా వ్యాపారం తగ్గాక పెట్టిన అక్వేరియం కొట్టులో నాతో పొత్తు కలిసినాయన, ఒక హోటలు ముందుహాలులోని పెద్ద ట్యాంకును చూసుకునేవారు. ఒకనాటి సాయంత్రం అక్కడ పెళ్లి విందు. అతిథులు వచ్చేసరికి ఆకుల మీద ఆక్సిజన్ బుడగలు ముత్యాల్లా మెరవాలని, మధ్యాహ్నం ఆయన వాల్వు కొంచెం తిప్పారు. డ్రాప్ చెకర్ నీలంగానే, అంటే గ్యాసు ఇంకా తక్కువన్నట్లే, ఉంది. అరగంట చూసి మరికొంచెం, ఇంకో అరగంటకు ఇంకొంచెం. పని తెలియక కాదు, తొందర. నీటిలోని వాయువు చెకర్ లోపలి గాలిలోకి వచ్చి, అక్కడి నుంచి అందులో పోసిన, నాలుగు డిగ్రీల కార్బొనేట్ కాఠిన్యమున్న రంగు ద్రావణంలోకి కరగాలి. అందుకే మనం చూసే రంగు గంట, రెండు గంటల కిందటి నీటిది. ఆకుపచ్చ అంటే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, పసుపు అంటే మితిమీరినట్లు. సాయంత్రానికి ఏంజెల్ చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, పలకరిస్తున్నాయనుకుని అతిథులు పిల్లలను ఎత్తుకుని చూపించారట. నీటిలో ఈ వాయువు ఎక్కువైతే చేప తన రక్తంలోని దాన్ని మొప్పల ద్వారా వదలలేదు, ఆక్సిజన్ ఉన్నా సరిగా అందుకోలేదు. నేను వెళ్లేసరికి అడుగున తిరిగే క్యాట్‌ఫిష్‌లు కూడా అద్దం వెంట పైకి పాకాయి. సిలిండరు కట్టేసి, ఎయిర్ పంపు పెట్టి, సగం నీరు మార్చాం. కొన్ని తేరుకున్నాయి, చాలా వరకు పోయాయి. చెకర్ పసుపు రంగుకు తిరగడం మేము సిలిండరు కట్టేశాక చూశాం.

అందుచేత, వాల్వును రోజుకు ఒక్కసారే, కొద్దిగా తిప్పు. లైటుకు రెండు గంటల ముందు గ్యాసు మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగాలి. రాత్రి మొక్కలకు అది అక్కరలేదు. నీటి ఉపరితలం కాస్త కదులుతుండనీ, దాంతో గ్యాసు కొంత పోయినా పోనీ. చేపలను వేయకముందే, ఉత్త మొక్కలతోనే, ఈ లెక్క కుదుర్చుకో. చిన్నప్పుడు గాజుసీసాలో నాచు పెట్టి ఎండలో బుడగలు వస్తున్నాయని అరిచి ఇల్లంతా లేపినదానివి, ఆ కొన్ని వారాలు ఆగడం నీకు కష్టమని నాకు తెలుసు.

గ్యాసు మొదటిసారి తెరిచేది ఆదివారం ఉదయం పెట్టుకో. నేను శనివారం బస్సుకు బయలుదేరి, సిలిండరు తూచే కాటా తీసుకువస్తాను. సిలిండరును హాలులోకి మార్చాక ఫొటో తీసి పంపు, అది చూశాకే టిక్కెట్టు కొంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న