పొట్టేలు పడాలంటే ఏ తూటా?

మీ ప్రశ్న – మా జవాబు

సిలూయెట్ షూటింగ్ మీద ఈ నెల ప్రశ్నలన్నీ సరిహద్దుకి అవతల నుంచే, బరంపురం మొదలు జయపురం దాకా వచ్చాయి. ఆట తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. ఇది మెక్సికోలో పుట్టిన పోటీ. దళసరి ఉక్కు పలకలో కోసిన జంతువుల బొమ్మలే గురి. పెద్ద పిస్తోళ్ల పోటీలో 50 మీటర్ల దగ్గర కోడి, 100 దగ్గర పంది, 150 దగ్గర టర్కీ కోడి, 200 దగ్గర పొట్టేలు నిలబెడతారు. ఒక్కో వరసకి అయిదు బొమ్మలు, ఒక్కో బొమ్మకి ఒకే దెబ్బ, ఎడమ నుంచి కుడికి. తూటాలు నింపుకోవడానికి 30 సెకన్లు, పేల్చడానికి 2 నిమిషాలు. బొమ్మ పడితేనే పాయింటు. తగిలి గణగణమన్నా, గిర్రున తిరిగి పక్కకి నిలబడ్డా సున్నాయే.

*మా తమ్ముడు అమెరికాలో ఉంటున్నాడు. వాళ్ల ఊరి క్లబ్బులో ఈ పోటీలు పెడతారట. షాపులో 14 అంగుళాల బ్యారెల్ ఉన్న సింగిల్ షాట్ (ఒకసారికి ఒకే తూటా పట్టే) పిస్తోలు, దాని మీద దుర్భిణీతో సహా చూపించి ఇదే సిలూయెట్‌కి తగినదన్నారట. కొనమనమంటారా? – ఒక పాఠకుడు, పర్లాకిమిడి*

షాపువాడు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. ఆ పిస్తోలు చెల్లే విభాగం వేరు, కొత్తవాడు మొదలుపెట్టవలసిన విభాగం వేరు.

అక్కడ ఈ పోటీలు నడిపే ప్రధాన సంఘం ఐ.హెచ్.ఎమ్.ఎస్.ఏ. (ఇంటర్నేషనల్ హ్యాండ్‌గన్ మెటాలిక్ సిలూయెట్ అసోసియేషన్), 1976లో ఏర్పడింది. దాని ప్రొడక్షన్, రివాల్వర్ విభాగాల్లో బ్యారెల్ 10¾ అంగుళాలు మించకూడదు, తూటాల్లేకుండా బరువు 4 పౌన్లు (1.81 కిలోలు) దాటకూడదు. ప్రొడక్షన్ తుపాకీ కంపెనీ కేటలాగులో ఉన్నట్టే ఉండాలి, మామూలు ఇనప సైట్లే ఉండాలి. అన్‌లిమిటెడ్‌లో బ్యారెల్ 15 అంగుళాల దాకా, బరువు 4½ పౌన్ల దాకా ఒప్పుకుంటారు. దుర్భిణీకి విడిగా ఒక విభాగం ఉంది. అంటే మీ తమ్ముడు ఆ 14 అంగుళాలది కొంటే మొదటి రోజు నుంచే ఆరితేరినవాళ్ల పక్కన నిలబడాలి. దుర్భిణీ తీసేసినా ప్రొడక్షన్‌లోకి రానివ్వరు, బ్యారెల్ పొడుగు కదా.

మా సలహా అయితే మొదటి ఏడాది చిన్న .22 తూటాతోనే ఆడమని. స్మాల్‌బోర్ పోటీలో అవే నాలుగు జంతువులు చిన్న సైజులో 25, 50, 75, 100 మీటర్ల దగ్గర ఉంటాయి. దానికి 10 అంగుళాల బ్యారెల్ ఉన్న సెమీ ఆటోమేటిక్‌గానీ, సింగిల్ షాట్‌గానీ చాలు. బ్రౌనింగ్ బక్ మార్క్‌లో 9⅞ అంగుళాల బ్యారెల్‌తో సిలూయెట్ పేరుతోనే ఒక రకం వచ్చింది. థాంప్సన్ సెంటర్ కంటెండర్ అయితే ఇంకో సౌకర్యం: ఫ్రేము ఒకటే ఉంచుకుని బ్యారెల్ మార్చుకోవచ్చు. ఈ ఏడాది .22, వచ్చే ఏడాది 7 మిల్లీమీటర్లది. పాతవి చేతులు మారుతూ దొరుకుతూనే ఉంటాయి.

కొనేముందు షాపులోనే రెండు కొలతలు తీయమనండి. ముందు ఛాంబరు (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లారా చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. సింగిల్ షాట్‌కి బ్రీచ్ (బ్యారెల్ వెనక వైపు) మూసి, సన్నని చెక్క పుల్లని మూతి నుంచి లోపలికి ఆనేదాకా దించి, మూతి దగ్గర పెన్సిల్ గీత పెట్టి, బయటికి తీసి కొలవాలి. ఛాంబరు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. రివాల్వర్‌కి సిలిండర్ (తూటాలు నింపే గుండ్రటి భాగం) కలపరు, దాని ముందు అంచు నుంచి కొలుస్తారు. బరువుకి వంటింటి డిజిటల్ కాటా చాలు. పిడికి తొడిగిన రబ్బరు, సైటు మూతలు అన్నీ ఉంచే తూయాలి. లావాటి కర్ర పిడి వేయించుకుని, ఆ 60 గ్రాములతో హద్దు దాటి పోటీ రోజున వెనక్కి వచ్చినవాళ్లు ఉంటారు. నియమాల పుస్తకం ఆ ఏటిదే చూడాలి. నాలుగేళ్ల కిందటి ఫోటోకాపీ పనికిరాదు.

*.357 మాగ్నమ్ రివాల్వర్‌తో కోడి, పంది బాగానే పడుతున్నాయి గానీ పొట్టేలు తగిలినా పడటం లేదని మా అల్లుడు అంటున్నాడు. గురి తప్పా, తూటా తప్పా? – రాయగడ*

తగులుతోందంటున్నారు కాబట్టి గురిని వదిలేద్దాం. పొట్టేలు 20 కిలోలకి పైబడిన ఉక్కు. దాన్ని పడేసేది తూటా శక్తి కాదు, తోపు. బుల్లెట్ బరువుని కిలోల్లో తీసుకుని, 200 మీటర్ల దగ్గర దానికి మిగిలిన వేగంతో గుణిస్తే వచ్చేదే ఆ తోపు. మూతి దగ్గరి వేగం డబ్బా మీద అచ్చు వేసుకోవడానికే.

లెక్క వేసి చూడండి. 158 గ్రెయిన్ల .357 బుల్లెట్ బరువు 10.2 గ్రాములు. 200 మీటర్లు వెళ్లేసరికి సెకనుకి సుమారు 305 మీటర్ల వేగం మిగిలిందనుకుంటే తోపు 3.1. అదే రివాల్వర్లో 200 గ్రెయిన్ల (13 గ్రాములు) బుల్లెట్ నెమ్మదిగా బయల్దేరుతుంది కానీ బరువుది కాబట్టి వేగం త్వరగా కోల్పోదు. అక్కడికి 290 మీటర్ల వేగంతో చేరితే తోపు 3.8. .44 మాగ్నమ్ 240 గ్రెయిన్లది 15.5 గ్రాములు, 305 మీటర్లతో 4.7. ఇక 14 అంగుళాల బ్యారెల్లోంచి వచ్చే 7 ఎం.ఎం. టి.సి.యు. అనే తూటాలోని 140 గ్రెయిన్ల బుల్లెట్ 9.1 గ్రాములే, అయినా సూదిమొన కావడం వల్ల సెకనుకి 525 మీటర్ల వేగం నిలబెట్టుకుని 4.8 తోపు ఇస్తుంది. వేగాలు తుపాకీని బట్టి అటూ ఇటూ అవుతాయి. వరస మాత్రం ఇదే.

కాబట్టి మీ అల్లుడు 158 నుంచి 180, 200 గ్రెయిన్లకి మారాలి. అప్పుడు కూడా ఇది అంచు మీద నడిచే తూటాయే. వీపు గీత దగ్గర తగిలితే పడుతుంది, పొట్ట కింద తగిలితే నిలబడుతుంది, స్టాండు ముందుకి వాలి ఉంటే మధ్యలో తగిలినా అనుమానమే. పొట్టేళ్ల వరసకి మాత్రం గురి నాలుగు వేళ్లు పైకి, భుజం మీదకి పెట్టడం చాలామంది చేసే పని. అది ఇష్టం లేకపోతే 10½ అంగుళాల .44 రివాల్వర్ తీసుకోవడమే. అంతకన్నా పైకి వెళ్లడం మాకు నచ్చదు. 40, 60 దెబ్బల పోటీలో చివరి వరస పొట్టేళ్లదే అయితే, అప్పటికి చెయ్యి అలిసి ట్రిగ్గర్ని లాగడం పోయి గుంజడం మొదలవుతుంది. పొట్టేలుని పడేసే తూటాల్లో అన్నిటికన్నా మెత్తనిది ఏదో అదే మంచి తూటా. ఉక్కు మొన ఉన్న బుల్లెట్లు ఎక్కడా ఒప్పుకోరు, బొమ్మలకి తూట్లు పడతాయి.

*వెల్లకిలా పడుకుని కాలికి ఆనించి కాలుస్తారట, నిజమేనా? రివాల్వర్‌తో అయితే ప్యాంటు కాలదా? – కోరాపుట్*

నిజమే, కాలుతుంది కూడా. ఆ భంగిమ పేరు క్రీడ్‌మూర్. వీపు మీద పడుకుని, మోకాలు మడిచి, బ్యారెల్‌ని పిక్క పక్కకి ఆనిస్తారు. తుపాకీ నేలకి తగలకూడదు. రివాల్వర్లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు, 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్రతి దెబ్బకీ అందులోంచి నిప్పు గాలి, సీసం రవ్వలు పక్కకి చిమ్ముతాయి. జీన్స్ గుడ్డ రెండు మూడు వరసలకే మాడిపోతుంది. అందుకని పిక్కకి దళసరి తోలు ముక్క కట్టుకోవడానికి ఒప్పుకుంటారు, అది తుపాకీకి ఊతంగా ఉండకూడదన్నది షరతు. చెప్పులు కుట్టేవారి దగ్గర దొరికే అట్టతోలు సరిపోతుంది. సింగిల్ షాట్‌కి ఈ బెడద లేదు. ఇదే నిప్పు 1980ల్లో .357 మాగ్జిమమ్ రివాల్వర్ల మీద ఫ్రేముని కూడా కొరికేసింది, అందుకే ఆ తూటా సింగిల్ షాట్లలోనే నిలిచింది.

*.22లో హై వెలాసిటీ కొంటే 100 మీటర్లకి మంచిది కాదా? – గుణుపురం*

కాదు. హై వెలాసిటీ తూటా శబ్దం కన్నా వేగంగా బయల్దేరి, దారిలో ఆ వేగం కిందకి దిగుతుంది. అలా దిగేచోట కుదుపుకి లోనవుతుంది. పక్కగాలికి కొట్టుకుపోవడం కూడా స్టాండర్డ్ వెలాసిటీ కన్నా దానికే ఎక్కువ. వినడానికి వింతగా ఉంటుంది గానీ 75, 100 మీటర్ల దగ్గర గాలి వీచే రోజున తేడా కనిపిస్తుంది. 40 గ్రెయిన్ల స్టాండర్డ్ వెలాసిటీ తీసుకోండి. ఒకే బ్రాండు అందరి తుపాకులకీ కుదరదు, మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా కొని, ఇసుక సంచి మీద ఆనించి 50, 100 మీటర్లకి అయిదేసి దెబ్బలు కొట్టి చూసుకోవాలి. బ్రాండు మార్చాక మొదటి పది లెక్కలోకి తీసుకోవద్దు, పాత తూటా మైనం బ్యారెల్‌లో ఇంకా ఉంటుంది. .22 మాగ్నమ్ ఈ పోటీలో చెల్లదు.

వెనక సైటు సంగతి కూడా చెప్పాలి. 25 మీటర్ల కోడికి సరిపెట్టిన .22, 100 మీటర్ల దగ్గర సుమారు 35 సెంటీమీటర్లు కిందకి కొడుతుంది. రెండు సైట్ల మధ్య దూరం 25 సెంటీమీటర్లయితే వెనక సైటుని 0.9 మిల్లీమీటరు దాకా పైకి లేపాలి. అంత ఎత్తు లేవని సైటు ఉన్న తుపాకీ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. నాలుగు దూరాలకీ ఎన్ని క్లిక్కులో (సైటు మరని ఎన్ని మెట్లు తిప్పాలో) చిన్న కాగితం మీద రాసి పెట్టెలో అంటించుకోవాలి. పోటీల్లో పోయే పాయింట్లలో ఎక్కువ భాగం ఒక దూరపు క్లిక్కులతో ఇంకో దూరానికి కాల్చడం వల్లనే.

*అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు ఇండియా వచ్చేటప్పుడు తన .22 పిస్తోలు సామాన్లో తెచ్చుకోవచ్చా? – జయపురం*

తేకూడదు. ఇక్కడ ఏ .22 పిస్తోలుకైనా జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే లైసెన్సు కావాలి. దిగుమతి అనుమతి వేరే సంగతి, అది గుర్తింపు పొందిన క్రీడాకారులకి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ద్వారా నడిచే పని. విమానాశ్రయంలో బతిమాలితే జరిగేది కాదు.

*మా పిల్లలు 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు నేర్చుకుంటున్నారు. ఈ జంతువుల ఆట దానితో ఇక్కడే ఆడించే వీలుందా? – బరంపురం*

ఉంది. ఇక్కడివాళ్లకి ఇదే సరైన దారి అని కూడా మా అభిప్రాయం. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్తోలుకి లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్తోలు అర గ్రాము పెల్లెట్‌ని సెకనుకి 150 మీటర్లతో వదిలితే 5.6 జౌళ్లే అవుతుంది.

ఎయిర్ పిస్తోలు పోటీలో బొమ్మలు అసలు సైజులో పదో వంతు. కోడి 10 గజాల దగ్గర, పంది 12½, టర్కీ 15, పొట్టేలు 18 గజాల (సుమారు 16½ మీటర్లు) దగ్గర ఉంటాయి. కోడి సుమారు 3 సెంటీమీటర్లు, పొట్టేలు 7 సెంటీమీటర్ల ఎత్తు. లేజర్ కటింగ్ షాపులో 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకులో 20 బొమ్మలు కోయించి, కిందన పాదంలా చిన్న పట్టీ వెల్డింగ్ పెట్టించండి. పాదం ముందు నుంచి వెనక్కి 1 సెంటీమీటరు చాలు. వెల్డింగ్ కుర్రాడు గట్టిగా ఉంటుందని రెండున్నర సెంటీమీటర్ల పట్టీ వేశాడో, కాళ్ల దగ్గర తగిలిన దెబ్బకి బొమ్మ జరుగుతుంది తప్ప పడదు. 1 మిల్లీమీటరు రేకు వద్దు. గాలికే పడిపోతుంది, పైగా సొట్టలు పడుతుంది. సొట్టలో తగిలిన పెల్లెట్ ఏ దిక్కుకి ఎగురుతుందో చెప్పలేం. అందుకే సొట్ట పడిన బొమ్మని ఆ రోజే తీసేయాలి.

పెల్లెట్లు సీసంవే, చదును మొనవే వాడాలి. ఉక్కు గుళ్లు బొమ్మకి తగిలి నేరుగా వెనక్కి వస్తాయి. బొమ్మల వెనక ఒట్టి గోడ వద్దు. మందపాటి రబ్బరు మ్యాట్ని బిగించి కొట్టకుండా వేలాడదీస్తే పెల్లెట్లు కిందకి రాలతాయి. కాల్చేవాళ్లకే కాదు, చూసేవాళ్లకి కూడా కళ్లద్దాలు ఉండాలి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పకోడీల పొట్లం విప్పాలి.

10 మీటర్ల కాగితం గురికి సరిపెట్టిన సైటు పొట్టేలు దగ్గర సుమారు 2 సెంటీమీటర్లు కిందకి కొడుతుంది. పిల్లలు సైటు క్లిక్కులు ముట్టుకోకుండా పొట్టేలు వీపు గీత మీద గురి పెడితే పొట్టలో తగిలి పడుతుంది. మళ్లీ కాగితం గురికి వెళ్లినప్పుడు సైటు చెదరకుండా ఉంటుంది.

మీ సముద్రపు గాలికి ఉక్కు బొమ్మలు వారంలో తుప్పు పడతాయి. నలుపు స్ప్రే పెయింటు పలుచగా కొట్టి ఉంచండి. ఒక్కో ఆట ముందు మళ్లీ కొడితే ఎక్కడ తగిలిందో చుక్కలా కనిపిస్తుంది. పాదం అడుగున మాత్రం పెయింటు పేరుకోనివ్వకండి, ఎగుడుదిగుడై బొమ్మ ఒక పక్కకి ఒరుగుతుంది.