నీటి అడుగున ఫోటోలు తీస్తున్న మా అమ్మాయికి

తిరువాన్మియూరు, చెన్నై.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం నువ్వు వేళచ్చేరి నుంచి వచ్చి, భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి, పుదుచ్చేరి సముద్రంలో తీసిన ఫోటోలనూ వీడియోలనూ చూపించావు. మీ పెద్దమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క చేప పేరూ అడుగుతూ ఉండడంతో నేను చెప్పదలచుకున్నది చెప్పడం కుదరలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, "పెదనాన్నా, ఇంతకంటే పెద్ద కెమెరా కొనమంటారా?" అని అడిగావు. దానికి జవాబు తీరికగా రాయాలనిపించింది.

పెద్ద కెమెరా ఇప్పుడు వద్దు. నీ ఫోటోల్లో నాకు కనిపించిన లోపాలు మూడు. చేప చిన్నదిగా, దూరంగా ఉంది. బొమ్మ మొత్తం ఆకుపచ్చగా పాలిపోయి ఉంది. చాలా వాటిలో చేప వీపో తోకో పడింది గాని ముఖం పడలేదు. ఈ మూడింటికీ మూలం ఒక్కటే: నీకూ ఆ ప్రాణికీ మధ్య నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఆ నీళ్ళను తొలగించలేదు. నువ్వే దగ్గరికి వెళ్ళి తగ్గించాలి.

నీరు వెలుగులోని రంగులన్నింటినీ సమానంగా సాగనివ్వదు. ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తుంది. 5 మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, 10 మీటర్లు దాటేసరికి నారింజ, ఇంకా దిగితే పసుపు కూడా పలచబడతాయి. కొత్తవాళ్ళు ఈ లెక్క లోతుకే వర్తిస్తుందనుకుంటారు. అడ్డంగా ఉన్న దూరానికీ ఇదే లెక్క. 12 మీటర్ల లోతున ఉన్న చేపను 2 మీటర్ల దూరం నుంచి సహజమైన వెలుగులో తీస్తే, ఆ వెలుగు దాదాపు 14 మీటర్ల నీటిని దాటి లెన్సును చేరుతుంది. అదే చేపను అర మీటరు దూరం నుంచి, నీటి అడుగున వాడే ఫ్లాష్ అయిన స్ట్రోబ్‌తో తీస్తే, స్ట్రోబ్ వెలుగు వెళ్ళి రావడానికి దాటేది ఒక్క మీటరే. ఆ ఒక్క మీటరులో ఎరుపు ఎరుపుగానే మిగులుతుంది. ఒకసారి అండమాన్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీపం అంటున్న హేవ్‌లాక్ దగ్గర, సుమారు 20 మీటర్ల లోతున లంగరు తాడును పట్టుకోబోయి దానికి అంటుకున్న గుల్లలతో బొటనవేలు కోసుకున్నాను. వేలి నుంచి సన్నని పొగలా లేచిన నెత్తురు ముదురు ఆకుపచ్చగా కనిపించింది. టార్చి వేసి చూస్తే అదే నెత్తురు ఎర్రగా మెరిసింది. రంగు అక్కడ లేకపోవడం కాదు, దాన్ని చూపించే వెలుగు అక్కడిదాకా చేరకపోవడమే అసలు సంగతి. 1926లో చార్లెస్ మార్టిన్, విలియం లాంగ్లీ అనే ఇద్దరు ఫ్లోరిడా దగ్గర మొదటిసారిగా నీటి అడుగున రంగుల ఫోటోలు తీయడానికి నీటిమీద మెగ్నీషియం పొడిని మండించి వెలుగు పుట్టించవలసి వచ్చింది. నీ చేతిలో ఉన్న చిన్న స్ట్రోబ్ ఆ పనే ఏ ప్రమాదమూ లేకుండా చేస్తుంది కనుక, దాన్ని వాడే పద్ధతి నేర్చుకో.

మరో చిక్కు ఉంది. మాస్కు అద్దం గుండా చూసినప్పుడు ఏ వస్తువైనా అసలు దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు, మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే నువ్వు దగ్గరికి వచ్చేశాననుకుని మీట నొక్కేస్తున్నావు. ఆ చోటు నుంచి ఇంకొంచెం ముందుకు వెళ్ళు. వైడ్ లెన్సుతో తీసేటప్పుడు కూడా ఒక మీటరు దాటి తీసినది ఉంచుకోదగ్గదిగా రావడం అరుదు.

నీ ఫోటోల్లో మంచు కురిసినట్టు తెల్లని చుక్కలు పడ్డాయే, వాటినే బ్యాక్‌స్కాటర్ అంటారు. నీటిలో తేలే మట్టి నలుసుల మీద స్ట్రోబ్ వెలుగు పడి తిరిగి లెన్సులోకి వస్తే ఇలా అవుతుంది. స్ట్రోబ్‌ను కెమెరా నెత్తిమీద ఉంచకు. దాన్ని పట్టి ఉంచే కడ్డీని పక్కకు బాగా చాచి, లెన్సు కంటే కాస్త వెనకగా పెట్టి, స్ట్రోబ్ ముఖాన్ని కొద్దిగా బయటి వైపుకు తిప్పు. అప్పుడు వెలుగు అంచు మాత్రమే చేపను తాకుతుంది, మధ్యనున్న నలుసులు చీకట్లోనే ఉండిపోతాయి. మన తూర్పు తీరపు నీళ్ళలో నలుసులు ఎక్కువ కనుక ఈ ఒక్క అలవాటు నీకు సగం మేలు చేస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. దగ్గరికి వెళ్ళడం కాళ్ళు ఆడించినంత మాత్రాన కాదు, కదలకుండా నిలవడం వస్తేనే అవుతుంది. నీ వీడియోలో నువ్వు ఒక నిమిషంలో నాలుగుసార్లు పైకి లేచి కిందికి దిగావు. ప్రతిసారీ చేతులు ఆడించావు, కాలికి తొడిగిన ఈత రెక్క, ఫిన్ తగిలి అడుగున ఉన్న మట్టి లేచింది, చేప పారిపోయింది. బాయెన్సీ, అంటే నీటిలో మునగకుండా, పైకి లేవకుండా ఒకే ఎత్తున తేలడం, కుదరకముందు కెమెరా చేతిలోకి తీసుకోవడమే తొందరపాటు. మునగడానికి బెల్టులో పెట్టుకునే సీసం అవసరానికి మించి ఉందేమో మొదట చూడు. సీసం ఎక్కువైతే బీసీడీలో, అంటే డైవర్లు తొడుక్కునే గాలి జాకెట్టులో, గాలి ఎక్కువ నింపాలి, ఆ గాలే నిన్ను పైకీ కిందికీ ఆడిస్తుంది. శ్వాసను నెమ్మదిగా, లోతుగా తీసుకో, వదులు; ఫోటో కోసం ఊపిరి బిగబట్టడం ఎన్నడూ చేయకు, పైకి లేచే సమయంలో అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. కాళ్ళను పైకీ కిందికీ కొట్టకుండా, మోకాళ్ళు వంచి కప్పలా పక్కలకు తోయడం నేర్చుకుంటే మట్టి లేవదు. సాధనకు ఈతకొలను చాలు. అడుగున ఒక రూపాయి బిళ్ళ పెట్టి, దానికి జానెడు ఎత్తున తేలుతూ, నేలను తాకకుండా, దాని మీది అక్షరాలు స్పష్టంగా పడేలా పది ఫోటోలు తియ్యి. పదికి ఎనిమిది కుదిరిన రోజున సముద్రానికి కెమెరా తీసుకుపో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా రాస్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక లయన్ ఫిష్‌ను కళ్ళ ఎత్తులో తీయాలన్న ఆత్రుతతో వెనక ఏముందో చూసుకోలేదు. ఫిన్‌కు ఏదో టక్కుమని తగిలింది. తిరిగి చూస్తే కొమ్మలు కొమ్మలుగా ఉన్న పగడంలో అరచేయంత ముక్క విరిగి ఇసుకలో పడి ఉంది. అలాంటి కొమ్మ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఆ లయన్ ఫిష్ ఫోటో బాగానే వచ్చింది, నేను మాత్రం దాన్ని ఎవరికీ చూపించలేదు. పగడాలకూ సముద్రగుర్రాలకూ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉందని నీకు తెలుసు. చట్టం లేకపోయినా ఫోటో కోసం ఏ ప్రాణినీ వేలితో కదపకు, రాయి తిప్పకు.

చేపను వెంబడిస్తే దాని తోకే దొరుకుతుంది. అది ఎటు తిరుగుతోందో కాసేపు చూసి, దాని దారికి పక్కగా ఆగి, అదే నీవైపు వచ్చేదాకా ఓపిక పట్టు. పైనుంచి కిందికి తీయకు. దాని ఎత్తుకో, వీలైతే ఇంకా కిందికో దిగి, కెమెరాను కొద్దిగా పైకి ఎత్తు. అప్పుడు వెనక మట్టి నేల బదులు నీలం నీళ్ళు వస్తాయి. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే ఉండాలి. కన్ను మసకబారితే మిగిలినదంతా ఎంత బాగున్నా ఆ ఫోటో తీసేయవలసిందే. చిటికెన వేలి గోరంత ఉండే నుడిబ్రాంక్ అనే గుల్లలేని సముద్రపు నత్త వంటి వాటికి కళ్ళు బయటికి కనపడవు కనుక, తల మీద కొమ్ముల్లా నిలిచిన రెండు భాగాల మీద ఫోకస్ పెట్టాలి.

వీడియోకు వేరే పెద్ద విద్య అక్కర్లేదు. ఒక్కో షాటు పది సెకన్ల పాటు కదలకుండా పట్టుకో, ఒకే దృశ్యాన్ని దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, మరీ దగ్గరగా ఒకటి తీసి పెట్టుకో; ఎడిటింగుకు కూర్చున్నప్పుడు అవే ఆదుకుంటాయి. లైటు లేకుండా తీస్తే, తెల్లని స్లేటు చూపించి వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపును తెలుపుగా చూపే అమరిక, సరిచేసుకో. మూడు, నాలుగు మీటర్లు లోతు మారినప్పుడల్లా మళ్ళీ సరిచేయాలి. ఎర్ర ఫిల్టరును, వీడియో లైటును కలిపి వాడకు. ఫోటోలను మాత్రం కెమెరా పట్టినదాన్ని మార్చకుండా ఉంచే రా ఫార్మాట్‌లోనే దాచుకో.

కెమెరాకు నీరు తగలకుండా తొడిగే పెట్టె, హౌసింగ్ విషయంలో తొందర పనికిరాదు. నా మొదటి కెమెరా ఒక్క తల వెంట్రుక వల్ల పోయింది. పడవ మీద కూర్చుని, మాట్లాడుతూ హౌసింగ్ మూశాను. నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం, ఓ-రింగ్ మీద వెంట్రుక అడ్డంగా పడి ఉంది. 10 మీటర్లు దిగేసరికి లెన్సు కింద నీటిగీత కనిపించింది. ఓ-రింగ్‌ను తీసి, వేళ్ళ మధ్య నెమ్మదిగా జరుపుతూ చీలికలు, ఇసుక రేణువులు ఉన్నాయేమో చూసి, మెరుపు కనపడేంత పలచగా మాత్రమే గ్రీజు రాయి. ఈ పని ముందు రాత్రే, ఏసీ గదిలో, ఎవరితోనూ మాట్లాడకుండా చెయ్యి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ. ఆ గాలిని లోపల పెట్టి మూస్తే చల్లని నీటిలో అద్దం మసకబారుతుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల ఉంచు. పైకి వచ్చాక మంచినీళ్ళలో నానబెట్టి, మీటలన్నీ నొక్కుతూ కడుగు.

కెమెరా చేతిలో ఉంటే మనిషికి గాలి సంగతి గుర్తుండదు. అందుకని ప్రతి ప్రాణి దగ్గరా ఫోటో తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి గాలి ఎంత మిగిలిందో చూపే గేజు చూడు, నీతో దిగిన జోడీ, నీ బడ్డీ ఎక్కడున్నాడో చూడు. ఎంత గొప్ప దృశ్యం ఎదురుగా ఉన్నా, పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాల ఆగుడు తప్పించకు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో మన తీరంలో సముద్రం అల్లకల్లోలంగా, బురదగా ఉంటుంది. ఆ మూడు నెలలూ ఈతకొలనులో రూపాయి బిళ్ళ సాధన చెయ్యి. వచ్చే ఆదివారం హౌసింగ్‌ను కెమెరా లేకుండా, ఖాళీగా పట్టుకురా. లోపల టిష్యూ కాగితం పెట్టి, మన ఇంటి నీళ్ళ డ్రమ్ములో అరగంట ముంచి ఉంచి, కాగితం తడిసిందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం. ఓ-రింగ్ గ్రీజు నా దగ్గర ఉంది, కొనవద్దు.

ఇట్లు,
పెదనాన్న