‘సభలో సభ్యుడి అసభ్య వ్యాఖ్యలు’ అనొచ్చా?

సందేహం: టీవీలో అసెంబ్లీ వార్తలు చూస్తుంటే కింద స్క్రోలింగ్‌లో ‘సభలో సభ్యుడి అసభ్య వ్యాఖ్యలు’ అని వచ్చింది. ఈ మూడు మాటలకీ చుట్టరికం ఉందా, ఊరికే చెవికి అలా వినపడుతోందా? ఉంటే సభ్యుడు అసభ్యంగా ఎలా మాట్లాడతాడు? ఇంకోటి, ‘మంత్రి గారు చెప్పాడు’ అని యాంకర్లు అంటున్నారు, తప్పా ఒప్పా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ఉందండీ, మూడూ ఒకే ఇంటి మాటలు. మీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు వేరే పని తోచలేదు, ఎందుకంటే ఆ స్క్రోలింగ్ నేనూ చూశాను, పక్కనే మా మనవడు కూర్చుని ‘తాతయ్యా, ఆ మాటకి అర్థం ఏంటి’ అని అడిగితే చెప్పలేక టీవీ కట్టేశాను.

సభ్య అనే మాట కోసం సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని విడిగా ఒక సూత్రమే రాశాడు, ‘సభాయా యః’ అని, అంటే సభ అనే మాటకి ‘య’ చేరుతుందని. అది ఏ అర్థంలో వస్తుందో చూడాలి. ‘తత్ర సాధుః’, అంటే ‘అక్కడ సాధువైనవాడు’ అని పైన చెప్పిన సూత్రం అర్థమే కింది సూత్రాలకీ వర్తిస్తుంది, దాన్ని అధికారం అంటారు, ఇది ఆ అధికారంలో వస్తుంది. అంటే సభలో కూర్చున్న ప్రతివాడూ సభ్యుడని ఆయన అనలేదు, సభలో సాధువైనవాడు సభ్యుడు అన్నాడు. సాధువంటే కాషాయం కట్టినాయన అనుకునేరు, అక్కడ మెలగడం తెలిసినవాడు, తగినవాడు అని. ఆ తర్వాతి సూత్రం వేదంలో కనిపించే ‘సభేయ’ అనే రూపానికి. యజుర్వేదంలో ఒక కోరికల మంత్రం ఉంది, పాలిచ్చే ఆవు కావాలి, బరువు లాగే ఎద్దు కావాలి, వేగంగా పరిగెత్తే గుర్రం కావాలి అంటూ ‘సభేయో యువా’ అని కూడా అడుగుతారు, సభలో రాణించే కుర్రవాడు కావాలి అని. పాడీ పంటా ఎంత అవసరమో సభలో మాట్లాడటం తెలిసిన పిల్లవాడూ అంత అవసరం అనుకున్నారు వాళ్లు. అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో సభ్య అనే మాట రెండు చోట్ల వస్తుంది, ఒకచోట సభాసదుల పక్కన, ఇంకోచోట ఆర్య, సజ్జన, సాధు అనే మాటల వరసలో. సభకి జూదశాల అనే అర్థం కూడా ఋగ్వేదంలో ఉంది, దాని జోలికి ఇప్పుడు పోను.

త్వ, తా రెండూ ఒకే పని చేసే ప్రత్యయాలు కదా, కాబట్టి సంస్కృతంలో సభ్యత్వం, సభ్యత ఒకటే. మన తెలుగులోకి వచ్చేసరికి విడిపోయాయి, సభ్యత్వం పుస్తకంలో పేరు ఎక్కితే వచ్చేది, సభ్యత నడవడికకి సంబంధించింది. ఈ విడిపోవడం పాతదే, దానికి ఇవాళ్టి వాళ్లని తప్పుపట్టను. కానీ రెండోది లేకపోయినా పర్లేదు అన్నట్టు ఉండటం మాత్రం కొత్త.

ఇక్కడ తిక్కన గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన ఊహలో బతికిన కవి కాదు, నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర మంత్రి, రాజకీయం చేసినవాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో అనే మాట సంస్కృత మూలంలో ఇలా ఉంటుంది, చూస్తూ ఉండగానే అధర్మం చేత ధర్మం, అబద్ధం చేత సత్యం చంపబడితే అక్కడి సభాసదులు చచ్చినట్టే అని. తిక్కన దీన్ని ‘సారపు ధర్మమున్ విమల సత్యము’ అని ఎత్తుకుని ‘దక్షు లెవ్వార లుపేక్ష చేసి రది వారల చేటగు’ అన్నాడు. గమనించారా, సభాసదులు పోయి దక్షులు వచ్చారు! ఆపగలిగిన శక్తి ఉండి ఆపనివాళ్లు ఎవరో వాళ్లు. ‘చూస్తుండగా’ అన్నది ‘ఉపేక్ష చేసిరి’ అయింది, చూడటం కూడా వాళ్లు చేసిన పనే అని కర్తని పట్టుకొచ్చి ముందు నిలబెట్టాడు. ఒకాయన తిడుతుంటే బల్లలు చరిచేవాళ్లూ, పక్కన కూర్చుని నవ్వే పెద్దలూ ఈ పద్యం ఒక్కసారి చదవాలని నా కోరిక.

ఇవాళ్టి నాయకుల వాక్యాల్లో కర్తే లేడు. ‘మాట్లాడాను’ అనరు, ‘మాట్లాడటం జరిగింది’. తిట్టి మర్నాడు ప్రెస్ మీట్ పెట్టి ‘ఆవేశంలో అనడం జరిగింది’ అంటారు. ఎవరయ్యా అన్నది? వాన పడటం జరిగినట్టు తిట్టు దానంతటదే పడిందా? ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఈ ‘జరిగింది’ వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇది వ్యావహారికం కదా మాస్టారూ అని ఎవరైనా అంటారేమో, గిడుగు వారు కోరింది శిష్టవ్యావహారికం, చదువుకున్నవాళ్లు సహజంగా మాట్లాడే భాష, ఇంట్లో ఎవరూ ‘అన్నం తినడం జరిగింది’ అనరు. లోక్‌సభ నియమాల్లో 380 ప్రకారం అసభ్యమైన మాటల్ని స్పీకర్ రికార్డుల నుంచి తీసేయించొచ్చు, కానీ ఆయన తీసేయమనేలోపే ఆ ముక్క టీవీల్లో, వాట్సాప్‌లో ఊరూరా తిరిగేస్తోంది, మా మనవడి దాకా వచ్చింది అలాగే.

మరి మీ స్క్రోలింగ్ తప్పా అంటే, తప్పని గట్టిగా చెప్పలేను. సభ్యుడంటే ఇవాళ సభలో చోటున్నవాడు అనే అర్థం స్థిరపడిపోయింది, ఆ అర్థంలో వాక్యం నిలుస్తుంది. నేనైతే ‘ఎమ్మెల్యే బూతు మాటలు’ అని రాస్తాను, సభ్యుడు అనే మాటని అక్కడ వాడటానికి నాకు చెయ్యి రాదు.

గారు అన్నాక చెప్పారు అనాలి, మన్నన బహువచనం క్రియ దాకా సాగాలి. అయితే తెలంగాణలో ‘సార్ వచ్చిండు’ అంటే దాన్ని అమర్యాద అనకండి, అక్కడ మన్నన గొంతులో తెలుస్తుంది, అది ఆ మాండలికం పద్ధతి. వార్తలు చదివేటప్పుడు మాత్రం ‘మంత్రి గారు చెప్పారు’ అనే అనాలి, చదివేవాళ్లకి ఆ మంత్రి నచ్చకపోయినా సరే.