చెక్కతో చేసిన స్పేస్ షటిల్ చూడదగినదేనా?

అమెరికాలోని సియాటిల్‌లో ఉన్న విమానాల ప్రదర్శనశాల మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో ఉన్నది అసలు స్పేస్ షటిల్ (అమెరికా వ్యోమగాములను అంతరిక్షానికి తీసుకువెళ్ళి తిరిగి తెచ్చిన నౌక) కాదు, వ్యోమగాముల శిక్షణ కోసం కట్టిన నమూనా మాత్రమే కదా, దానికోసం ఒక పూట పెట్టుకోవడం దండగ కాదా అని అడిగారు. దండగ కానే కాదు. నెల్లూరులో ముప్పై ఏళ్ళు వడ్రంగం నేర్పిన నేను, మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు దానిని చూశాను. అసలు నౌక కంటే అదే ముందు చూడవలసినదని ఆనాటి నుంచి అందరికీ చెబుతున్నాను.

డిస్కవరీ, అట్లాంటిస్ వంటి అసలు నౌకలను బయట నిలబడి చూసి రావలసిందే. దీని లోపలికి మాత్రం మనం అడుగు పెట్టవచ్చు. 1970లలో తయారై, హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో షటిల్ ప్రయాణాలు ముగిసేవరకు పనిచేసి, 2012లో సూపర్ గప్పీ అనే పెద్ద పొట్ట విమానంలో భాగాలుగా సియాటిల్ చేరిన ఈ నమూనాకు రెక్కలు లేవు, ఒళ్ళు చాలావరకు ప్లైవుడ్. 60 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉండే సరుకుల అరలో నిలబడినప్పుడు మా వైపు ధాన్యం గోదాములో నిలబడినట్టే ఉంది.

సిబ్బంది గదిలోకి వేరే టికెట్టు తీసుకొని గైడు వెంట వెళ్ళాము. గుండ్రటి తలుపు అడ్డంగా 40 అంగుళాలే కాబట్టి నడుము బాగా వంచి దూరవలసి వచ్చింది. లోపల నిచ్చెన ఎక్కి పై అంతస్తుకు చేరాక, ప్రమాదం వస్తే వ్యోమగాములు నెత్తిమీది కిటికీ గుండా బయటికి వచ్చి, తాడు పట్టుకొని నౌక పక్కగా కిందికి దిగాలని, దానిని ఇక్కడే సాధన చేసేవారని గైడు చూపించాడు. “ఈ మీటల్లో చాలావరకు పనిచేయవట నాన్నా” అంది మా అమ్మాయి. “పనిచేయకపోయినా ఏది ఎక్కడుందో చేతికి తెలియాలి కదమ్మా” అన్నాను. నేనూ పిల్లల చేతికి టేకు ఇచ్చే ముందు పనికిరాని ముక్కల మీద వందసార్లు అతుకులు వేయించేవాణ్ణి. 1997లో, 2003లో అంతరిక్షానికి వెళ్ళిన కల్పనా చావ్లా ఈ నమూనాలోనే శిక్షణ పొందారని గుర్తుకు వచ్చి, ఆ చెక్క అంచు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడిపోయాను.

మన దగ్గర నేను చూసిన ఒక ప్రదర్శనలో రాకెట్టు బొమ్మలకు రంగులు బాగానే వేశారు గాని, చుట్టూ తాడు కట్టి పిల్లలను ముట్టుకోనివ్వలేదు, ఒక్క బోర్డు మీదా తెలుగు లేదు. శ్రీహరికోట నుంచి లేచే ప్రతి రాకెట్టునూ మిద్దెలెక్కి చూసే జిల్లా మనది. మనుషులను అంతరిక్షానికి పంపే మన దేశపు పథకం గగన్‌యాన్‌లో, సిబ్బంది కూర్చునే మాడ్యూల్ పరీక్ష 2023 అక్టోబరు 21న జరిగిందీ ఆ తీరం నుంచే. గగన్‌యాన్ శిక్షణ నమూనాలు పని ముగించుకున్నాక వాటిలో ఒకటి నెల్లూరుకు రావాలి, తలుపు తెరిచి ఉంచాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఇళ్ళ పిల్లలు కూడా నడుము వంచి అందులోకి దూరి, లోపలి అతుకులను వేళ్ళతో తడిమి చూడాలి.