మూలికల భద్రతను పరీక్షించే రంగంలోకి వెళ్లాలంటే...

ప్రశ్న: బి.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సంప్రదాయ ఔషధ మొక్కల సారాలు ఎంతవరకు సురక్షితమో పరీక్షించే పనిలో స్థిరపడాలని ఉంది. తరతరాలుగా వాడుతున్నవాటికి మళ్లీ పరీక్షలెందుకని స్నేహితులు అంటున్నారు. పీజీలో ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలి? ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ముందు మీ స్నేహితుల సందేహం తీరుద్దాం. తరతరాలుగా వాడింది చాలావరకు ఆకునో వేరునో నీళ్లలో కాచిన కషాయం. ల్యాబ్‌లో తీసే సారం ఇథనాల్‌తోనో హెక్సేన్‌తోనో తీసింది కావచ్చు. నీళ్లలో కరగని పదార్థాలు అందులోకి చిక్కగా దిగుతాయి. మొక్క ఒకటే అయినా ఒంట్లోకి వెళ్లేది వేరు, మోతాదూ వేరు. పైగా తాగిన వెంటనే వాంతులైతే ఎవరికైనా తెలుస్తుంది. ఏళ్ల తరవాత మూత్రపిండాలు పాడైతే, దానికి ఎప్పుడో వాడిన మూలిక కారణమని ఎవరికి తడుతుంది?

1990ల మొదట్లో బ్రసెల్స్‌లో జరిగింది ఇదే. బరువు తగ్గడానికి మూలికలు కలిపిన మాత్రలు వాడిన మహిళల్లో మూత్రపిండాలు వేగంగా దెబ్బతిన్నాయి. స్టెఫానియా టెట్రాండ్రా అనే మొక్క ఉండాల్సిన చోట అరిస్టలోకియా ఫాంగ్‌చి అనే వేరే మొక్క చేరిందని తేలింది. అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం వల్ల తరవాత కొందరికి మూత్రనాళ క్యాన్సర్ కూడా వచ్చింది. అందుకే ఈ పని ఎలుకలతో మొదలవదు. చేతిలో ఉన్నది ఏ మొక్కో వృక్షశాస్త్రజ్ఞుడితో నిర్ధారించుకోవడం, హెర్బేరియం నమూనా (ఎండబెట్టి దాచే మొక్క నమూనా) భద్రపరచడం, హెచ్‌పీఎల్‌సీతో (సారంలోని రసాయనాలను విడదీసి చూపే పరికరం) రసాయనాల తీరు చూడటం, సీసం, ఆర్సెనిక్‌ లాంటి లోహాలు ఉన్నాయేమో పరీక్షించడం ముందు జరగాలి. చాలా పరిశోధన పత్రాలు ఇక్కడే బలహీనపడతాయని నా అభిప్రాయం.

తరవాతి పరీక్షలకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ నంబర్లు వేసి ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిలో 423వ నంబరు ప్రకారం ఒక్కో దశలో మూడేసి జంతువులకు, సాధారణంగా ఆడ ఎలుకలకు, ఒక్క మోతాదు ఇచ్చి 14 రోజులు గమనిస్తారు. ఆ మోతాదు కిలో శరీర బరువుకు 5, 50, 300, 2000 మిల్లీగ్రాముల్లో ఒకటి. 2000 దగ్గర ఎలుక చావకపోతే ‘సురక్షితం’ అని రాసేయడం పెద్ద తప్పు. అది ఒక్క మోతాదు సంగతి మాత్రమే. రోజూ వాడితే ఏమవుతుందో 28 రోజుల 407, 90 రోజుల 408 అధ్యయనాల్లో రక్తపరీక్షలు, కాలేయం, మూత్రపిండాల కణజాలం చెబుతాయి. డీఎన్‌ఏకు హాని ఉందేమో బ్యాక్టీరియాపై చేసే ఏమ్స్ పరీక్షలో చూస్తారు. చివరికి, హాని కనిపించని గరిష్ఠ మోతాదు ఎంతో తేల్చాలి. మనుషులకు ఎంతవరకు ఇవ్వొచ్చన్న లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

మీకు ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ సరిపోతుంది. మొక్కల గుర్తింపు, సారాల రసాయనశాస్త్రం మీద మక్కువ ఎక్కువైతే ఫార్మకాగ్నసీ తీసుకోండి. ఏది తీసుకున్నా రెండోదాని ప్రాథమికాంశాలు నేర్చుకోక తప్పదు. టాక్సికాలజీ (విషప్రభావాల అధ్యయనం) ప్రత్యేక కోర్సుగా దొరికితే ఇంకా మంచిది. అనుభవం వచ్చాక అమెరికన్ బోర్డ్ ఆఫ్ టాక్సికాలజీ ఇచ్చే డీఏబీటీ గుర్తింపుకూ ప్రయత్నించవచ్చు.

ఉద్యోగాలు ఉంటాయి, కానీ కేవలం మూలికల మీదే పనిచేసేవి తక్కువ. ఇతర కంపెనీల కోసం పరీక్షలు చేసిపెట్టే కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థల్లో ఈరోజు మూలిక, రేపు పురుగుమందు, ఎల్లుండి సౌందర్య ఉత్పత్తి రావచ్చు. మందులు, న్యూట్రాస్యూటికల్ కంపెనీల భద్రత విభాగాలు, రెగ్యులేటరీ అఫైర్స్‌లోనూ అవకాశాలున్నాయి. జీఎల్‌పీ (గుడ్ లేబొరేటరీ ప్రాక్టీస్) నాణ్యతా ప్రమాణాలు పాటించే ల్యాబ్‌లో పనిచేసిన అనుభవానికి విలువ ఎక్కువ.

ఇంకో మాట. అధ్యయనం ముగిశాక జంతువులను చంపి అవయవాలు తీసి చూడాల్సి ఉంటుంది. ఆ పని మీ వల్ల అవుతుందా అని ఇప్పుడే నిజాయతీగా ఆలోచించండి. కాదనిపిస్తే సిగ్గుపడక్కర్లేదు. కణాల మీద చేసే పరీక్షలు, కంప్యూటర్ ఆధారిత అంచనాల వైపు వెళ్లవచ్చు.

పీజీలో చేరే ముందు ఆ కాలేజీకి అనుమతి ఉన్న జంతుశాల, పనిచేసే ఎథిక్స్ కమిటీ ఉన్నాయో లేదో అడగండి. అక్కడి పాత థీసిస్‌లు రెండు మూడు తిరగేసి, హిస్టోపాథాలజీ ఫొటోలు (సూక్ష్మదర్శినిలో చూసిన కణజాలం ఫొటోలు) వాళ్లు సొంతంగా తీసినవేనా చూడండి.