కుందేలు పళ్లకి ట్రీట్‌మెంట్ ఎప్పుడు? ముందు అది ఏ తిండి వదిలేస్తోందో చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: మూడేళ్ల లాప్ కుందేలు (చెవులు కిందికి వేలాడే రకం), వారం నుంచి గడ్డి ముట్టడం లేదు, పెల్లెట్లు (షాపులో దొరికే గుళికల దాణా) మాత్రం తింటోంది, గడ్డం అప్పుడప్పుడు తడిగా ఉంటోంది. ముందు పళ్లు బాగానే కనిపిస్తున్నాయి. అమ్మిన షాపతను "తీసుకురండి, కట్ చేసి ఇస్తా" అంటున్నాడు, ఇంట్లో వాళ్లు ఎండలకి అలా ఉందిలే అంటున్నారు, మీకేమో మత్తు ఇవ్వడమంటే భయం. ఆగొచ్చా, వెళ్లాలా అని అడిగారు.

వెళ్లాలండి, ఒకట్రెండు రోజుల్లోనే. షాపుకి మాత్రం కాదు. మా ఇంట్లో ఉన్న పొట్టి మూతి కుందేలుకి చాలాకాలంగా దవడ పళ్ల గొడవ ఉంది, కొన్ని నెలలకోసారి అరగదీయిస్తూనే ఉంటాం. నేను డాక్టర్‌ని కాదు, రోజూ దాన్ని చూస్తూ, డాక్టర్లను అడుగుతూ తెలుసుకున్నదే చెబుతున్నా.

కుందేలుకి మొత్తం 28 పళ్లు. పెదవి ఎత్తితే మనకి కనిపించేవి నాలుగే, పైన రెండు, కింద రెండు. పై వాటి వెనకాల దాక్కుని ఇంకో రెండు బుల్లి పళ్లుంటాయి, మిగతా 22 లోపల దవడల్లో ఉంటాయి. అన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందువైతే వారానికి సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. దవడ పళ్లు సరిగ్గా అరగకపోతే కింది వాటి అంచులు నాలుక వైపు, పై వాటి అంచులు బుగ్గ వైపు మొనదేలి గుచ్చుకుంటాయి. ముందు పళ్లు చక్కగా ఉండి లోపల నాలుక కోసుకుపోతున్న కుందేళ్లు బోలెడు. అందుకే "పళ్లు చూశాం, బాగానే ఉన్నాయి" అన్న మాటని నేను లెక్కలోకి తీసుకోను.

మరి దేన్ని లెక్కలోకి తీసుకోవాలంటే, అది తిండిని ఏ వరసలో వదిలేస్తోందో దాన్ని. గడ్డిని ఎక్కువసేపు, దవడని అటూ ఇటూ పక్కలకి కదుపుతూ నమలాలి, నోట్లో నొప్పి ఉన్నప్పుడు మొదట మానేసేది దాన్నే. తర్వాత కాడలున్న ఆకుకూరలు, ఆ తర్వాత పెల్లెట్లు, చివరికి అరటిపండు ముక్క కూడా. మీది ఈ వరసలో మొదటి మెట్టు దాటింది. మా దానికి మళ్లీ మొదలైందని నాకు కొత్తిమీర కట్టతోనే తెలిసిపోతుంది: ఆత్రంగా పరిగెత్తుకొస్తుంది, ఆకులు లాగేస్తుంది, కాడ నోట్లోకి పోగానే తల ఒక పక్కకి వంచి రెండుసార్లు నమిలి ఆగిపోతుంది, కాడ కింద పడుతుంది, చివర చొంగతో తడిసి నలిగి ఉంటుంది కానీ తెగి ఉండదు. మళ్లీ అదే కాడని వాసన చూసి ఇంకోటి తీసుకుంటుంది. ఆకలి ఉంది, తినాలనీ ఉంది, నమలలేకపోతోంది.

ఎండ సంగతికి కూడా ఇదే తేడా. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో కుందేళ్లు తిండి తగ్గిస్తాయి, నిజమే. కానీ వేడికి తగ్గించిన కుందేలు మధ్యాహ్నమంతా నేలకి అతుక్కుని పడుకుని, రాత్రి చల్లబడ్డాక, తెల్లవారుజామున గడ్డి దగ్గరికి వచ్చి మామూలుగానే నములుతుంది. మీది కూలర్ ముందు కూర్చుని కూడా గడ్డి వదిలేసి పెల్లెట్లు ఏరుకుంటోందంటే దానికి ఎండని అనడం కుదరదు. (మరీ ఎండలో చెవులు కాలిపోతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే అది వడదెబ్బ. అది వేరే ఎమర్జెన్సీ.)

ఇంట్లో చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గడ్డం కింద వేలు పెట్టి చూడండి, చొంగ ఆరి బొచ్చు పాయలు పాయలుగా గట్టిపడి ఉంటుంది, ఒక్కోసారి చెడు వాసన వస్తుంది. ముందు కాళ్ల లోపలి వైపు కూడా చూడండి, మూతి తుడుచుకుంటుంది కాబట్టి అక్కడ బొచ్చు అట్టకట్టి ఉంటుంది. ఒక కన్నే నీరు కారుతుంటే కంట్లో మందు వేసి ఊరుకోవద్దు, పై పళ్ల వేళ్లు కన్నీటి గొట్టానికి ఆనుకుని ఉంటాయి. రెండు బొటనవేళ్లతో కింది దవడ అంచు వెంబడి మెల్లగా తడమండి, రెండు వైపులా ఒకేలా ఉండాలి, ఒక పక్క బొడిపె తగిలితే పంటి వేరు కిందికి పెరుగుతోందో, చీము గడ్డ కడుతోందో చూడాల్సిందే. పెంటికలు చిన్నవైపోయాయా, తక్కువయ్యాయా గమనించండి. రాత్రిపూట అది నేరుగా తినేసే మెత్తని పెంటికలు కింద అంటుకుని మిగిలిపోతుంటే అది కూడా నోటి నొప్పి వల్ల కావచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, తూకం ఒక ఎత్తు. వంటింటి డిజిటల్ తూకం మీద గిన్నె పెట్టి వారానికోసారి తూచి క్యాలెండర్ మీద రాసుకోండి. ఒకటిన్నర కిలోల కుందేలు 150 గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టే. బొచ్చు వల్ల కంటికి అది కనిపించదు.

అసలేమీ తినకుండా, లేదా పెంటికలు వేయకుండా 12 గంటలు దాటితే పళ్ల అపాయింట్‌మెంట్ గురించి ఆలోచించకండి, అర్ధరాత్రైనా బయల్దేరండి. కుందేలు పేగులు కదలడం ఆగిపోతే గంటల్లో పరిస్థితి తిరగబడుతుంది. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే సిరంజితో ఏదీ బలవంతంగా పట్టకండి.

ఇంకో వైపు కూడా చెప్పాలి. కాస్త మొన కనిపించిన ప్రతిసారీ అరగదీయించాలని లేదు. నాలుక, బుగ్గ తెగకుండా, గడ్డి తింటూ, తూకం నిలకడగా ఉంటే మా డాక్టర్ "చూద్దాం" అని పంపించేస్తారు, నాకూ అదే సబబనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి మత్తుకీ కొంత రిస్కు ఉంటుంది. కానీ మీ దానికి రెండు లక్షణాలు ఒకేసారి ఉన్నాయి, గడ్డి మానేయడం, గడ్డం తడవడం. ఇక్కడ మత్తు కన్నా ఆలస్యమే ఎక్కువ ప్రమాదం. తిండి లేక చిక్కిపోయాక ఇచ్చే మత్తు మరీ భయం.

షాపతను కట్ చేస్తానన్నది గోళ్లు తీసే కట్టర్‌తో అయ్యుంటుంది. దాంతో పన్ను నిలువునా చీలుతుంది, చీలిక వేరు దాకా పోతే చీము పడుతుంది. పైగా మీది ముందు పళ్ల సమస్య కాదనిపిస్తోంది, ఆ కట్టర్ దవడ పళ్ల దాకా పోనే పోదు. ఆ పని మత్తులో, తిరిగే చిన్న మెషిన్‌తో అరగదీసి చేయాలి.

డాక్టర్‌ని ఎంచుకోవడం గురించి: మన హైదరాబాద్‌లో కుక్కల, పిల్లుల క్లినిక్‌లు వీధికొకటి, కుందేలు నోరు రోజూ చూసేవాళ్లు తక్కువ. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి గానీ, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకి గానీ, ప్రైవేటుకి గానీ ముందు ఫోన్ చేసి, కుందేళ్లకి మత్తిచ్చి దవడ పళ్లు అరగదీస్తారా, తలకి ఎక్స్‌రే తీస్తారా అని సూటిగా అడగండి. ఒక క్లినిక్ వాళ్లు మమ్మల్ని ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు, అది విని వేరే చోటు వెతుక్కున్నాం. కుందేలుకి వాంతి రాదు, కుక్కలా పస్తు పెట్టాల్సిన పని లేదు, పైగా పస్తుతో పేగులు మొరాయిస్తాయి. అలాగే ఇంటికి అమోక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ రకం మందు నోటి ద్వారా వేయమని రాసిస్తే అక్కడికక్కడే అడగండి, అది కుందేలు పేగుల్లో మంచి బాక్టీరియాని చంపి ప్రాణం మీదకి తెస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు నోట్లో లైటు గొట్టం పెట్టి చూసి ఏమీ లేదన్నా, లక్షణాలు తగ్గకపోతే మత్తులో మళ్లీ చూడమనండి. ఆ నోరు చాలా తక్కువ తెరుచుకుంటుంది, వెనక పళ్లు అలా సరిగ్గా కనపడవు.

పొద్దున్నే బయల్దేరండి, ఆటోలో అయితే గడ్డ కట్టించిన నీళ్ల సీసా తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టండి. దారిలో తినడానికి దానికి ఇష్టమైన ఆకు కూడా.

అరగదీశాక మొదటి ఒకట్రెండు రోజులు మందకొడిగా ఉండొచ్చు, నొప్పి మందు ఇవ్వకుండా పంపిస్తే అడిగి రాయించుకోండి. నానబెట్టిన పెల్లెట్ల ముద్ద సిరంజితో పట్టడం అక్కడే నేర్చుకోండి. పళ్ల వరసే వంకరైతే ఒక్కసారితో అయిపోదు, కొన్నిటికి నెలా రెండు నెలలకే మళ్లీ అవసరమవుతుంది. ఆ ఖర్చుకి ముందే సిద్ధపడండి.

చెక్క ముక్కలు, గట్టి బిస్కెట్లు కొరికితే పళ్లు అరుగుతాయని షాపుల్లో అమ్ముతారు, నమ్మకండి, వాటిని కొరికేది ముందు పళ్లతో. దవడ పళ్లని అరగదీసేది గడ్డే. టిమోతీ గడ్డి (కుందేళ్లకి పెట్టే ఒక రకం ఎండుగడ్డి) దొరక్కపోతే మందు కొట్టని చోట కోసిన గరిక కడిగి పెట్టండి, పెల్లెట్లు మెల్లమెల్లగా తగ్గించండి. అయితే ఇదంతా నొప్పి తగ్గాక, ఇప్పుడు మాత్రం అది తినగలిగిందే పెట్టండి.

ఈ రాత్రి అది తినేటప్పుడు పక్క నుంచి ఒక నిమిషం వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి, క్లినిక్‌లో భయానికి అవేవీ ముట్టవు. ఎక్స్‌రేలో ఏం తేలిందో ఇక్కడ రాయండి, పళ్ల వేళ్ల సమస్య అయితే మేం పడ్డ తిప్పలు అప్పుడు చెబుతా.