అంత దూరం తీసుకెళ్తే ఏడ్చావేంటని మా వారు మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది నిజాంపేట. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా వారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాబు తొమ్మిదో తరగతి, పాప ఐదు. అత్తయ్య మాతోనే ఉంటారు. మా పెళ్లై పదిహేనేళ్లు నిండాయని మా వారు నాకు చెప్పకుండా మాల్దీవుల్లో నాలుగు రాత్రులకు రిసార్ట్ బుక్ చేశారు. రెండేళ్లు చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు. నీళ్ల మీద కట్టిన గది, మెట్లు దిగితే సముద్రం. అక్కడున్నన్ని రోజులూ అత్తయ్యకి ఏ మాత్ర ఎప్పుడో ఫోన్‌లో చెబుతూ, నీళ్లొచ్చే రోజు నాలుగున్నరకి అలారం పెట్టుకుని లేచి బాబు చేత మోటార్ వేయిస్తూ గడిపాను. మూడో రోజు సాయంత్రం వరండాలో కూర్చుని ఉండగా ఏడుపు ముంచుకొచ్చింది, ఎంతకీ ఆగలేదు. కారణం నాకే తెలియదు. "ఇన్ని లక్షలు పోసి తీసుకొస్తే మొహం మాడ్చుకుని కూర్చున్నావు" అన్నారాయన. వచ్చి మూడు నెలలైంది. అవసరమైతే తప్ప మాట్లాడరు. మా ఆడపడుచు "నీకు కళ్లు నెత్తికెక్కాయి వదినా" అంది. నిజంగా నాలోనే ఏదైనా లోపం ఉందా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఏడుపు దగ్గర కాదు, ఆ నాలుగున్నర అలారం దగ్గర. మాల్దీవుల గడియారం మనకంటే అరగంట వెనక. అంటే ఇక్కడ ఐదింటికి కుళాయి వస్తుందని మీరు సముద్రం మధ్యలో నాలుగున్నరకే లేచి కూర్చున్నారు. పైపులో వచ్చేది కృష్ణ అయినా గోదావరి అయినా మన హైదరాబాద్‌లో అందరి నోటా అది మంజీరా నీళ్లే. రోజు విడిచి రోజు వచ్చే ఆ కాసేపూ ఇంట్లో ఎవరో ఒకరు కాపలా కాయాలి. మీ ఇంట్లో ఆ ఒకరు మీరేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఆ సంగతి మీరు ఫిర్యాదుగా కూడా రాయలేదు, మామూలు విషయంలా చెప్పి ముందుకు వెళ్లిపోయారు. అంతగా అలవాటైపోయింది మీకు.

మీలో లోపం లేదు. ఏళ్ల తరబడి బరువు మోసిన మనిషి ఒక్కసారి దాన్ని దించి కూర్చుంటే, అప్పటిదాకా తెలియని నొప్పి అప్పుడు తెలుస్తుంది. పెళ్లి పనులన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు ఆడపిల్ల తల్లి జ్వరంతో మంచం పట్టడం మన ఇళ్లలో చూడనిదా? సెలవు మొదలైన రెండో రోజో మూడో రోజో తలనొప్పి, చిరాకు, కారణం లేని ఏడుపు వచ్చాయని నాతో చెప్పుకున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, మగవాళ్లూ ఉన్నారు. మీ విషయంలో ఇంకో కష్టం కూడా తోడైంది. బరువు పూర్తిగా దిగనూ లేదు, చేతిలో ఫోన్ రూపంలో సగం అలాగే ఉంది. మిగతా సగం దిగేసరికి కన్నీళ్లొచ్చాయి.

ఆ చోటు సంగతి కూడా కొంచెం చెప్పాలి. మాల్దీవుల్లో సుమారు 1200 దీవులుంటే జనం కాపురం ఉండేవి 200 లోపే. 1972లో మొదటి రిసార్ట్ తెరిచిన తర్వాత అక్కడ స్థిరపడిన పద్ధతి, ఒక దీవికి ఒక రిసార్ట్. బజారు ఉండదు, పక్కింటివాళ్లు ఉండరు. చిన్న దీవైతే పావుగంటలో చుట్టి రావచ్చు. ఎవరూ కదిలించకూడదనే అలా కట్టారు. అయితే నిజాంపేటలో మీ ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది: ట్రాఫిక్, స్కూలు ఫీజు, గ్యాస్ బండ, అత్తయ్య షుగర్ రిపోర్టు. మాటలన్నీ వాటి మీదే నడుస్తాయి. అక్కడ అవేవీ లేకుండా ఎదురెదురుగా కూర్చునేసరికి ఏం మాట్లాడుకోవాలో తెలిసి ఉండదు. అది చూసి మన మధ్య ఏమీ మిగల్లేదని భయపడొద్దు. పదిహేనేళ్లు పనుల మాటలు మాత్రమే మాట్లాడుకున్న ఎవరికైనా వేరే మాటలు మొదలుపెట్టడానికి నాలుగు రోజులు చాలవు.

ఇప్పుడు మీ వారి వైపు నుంచి చూద్దాం. ఆయన మాట కరుకుగానే ఉంది, ఏడుస్తున్న మనిషితో అనాల్సిన మాట కాదు. కానీ దాని వెనకున్నది మీ మీద విసుగని నాకు అనిపించడం లేదు. నెలనెలా చీటీ డబ్బు పక్కనపెడుతూ, మీకు చెప్పకుండా దాచుకుంటూ, ఆ గది తలుపు తెరిచినప్పుడు మీ మొహం ఎలా వెలిగిపోతుందోనని రెండేళ్లు ఊహించుకుని ఉంటారు. ఆ మొహం మీద కన్నీళ్లు చూసేసరికి తనే ఓడిపోయినట్టు అనిపించి ఉంటుంది. పైగా అక్కడ లెక్కంతా డాలర్లలో. ఒక్కో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్, 2025 జనవరిలోనే 6 నుంచి 12కి పెంచారు. మీ ఇద్దరికీ నాలుగు రాత్రులకు 96 డాలర్లు దానికే పోతాయి. గది మీదా తిండి మీదా 17 శాతం పన్ను, ఆపైన 10 శాతం సర్వీస్ చార్జి. మెనూ మీద ఒక ధర చూసి బిల్లులో ఇంకో ధర చూసిన ప్రతిసారీ ఆయన మనసులో రూపాయల్లోకి మార్చుకుంటూనే ఉండి ఉంటారు. మీరు అక్కడి నుంచి ఇల్లు నడిపారు, ఆయన అక్కడ కూర్చుని లెక్కలు నడిపారు. అదే వరండాలో ఇద్దరూ డ్యూటీలోనే ఉన్నారు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు.

అందుకే ముందు మాట కలపండి. ఎవరిది తప్పో తేల్చే మాట వద్దు. పిల్లలు పడుకున్నాక, టీవీ ఆపి, ఆయన చేతిలో ఫోన్ లేని సమయం చూసి చెప్పండి: "ఆ రోజు మీరు చేసింది నచ్చక ఏడవలేదు. రెండేళ్లు చీటీ కట్టి నాకోసం దాచారని తెలిసినప్పటి నుంచీ ఆ మాట మీతో చెప్పాలని ఉంది. నాకు బాగా అలసటగా ఉంది. అది అక్కడికి వెళ్లాకే నాకు తెలిసింది." ఇంతవరకే. "మీకేం తెలుసు నా కష్టం" అనే మాట నోటి చివరిదాకా వస్తుంది, ఆ రాత్రికి దాన్ని మింగేయండి. ఆయన వెంటనే కరగకపోవచ్చు, "సరేలే" అని లేచి వెళ్లిపోవచ్చు కూడా. మూడు నెలల మౌనం ఒక్క రాత్రిలో పోదు. రెండు రోజులాగి మళ్లీ కూర్చోండి.

రెండోసారి కూర్చున్నప్పుడు పనుల సంగతి ఎత్తండి. సాయం అడగొద్దు. సాయం అన్నామంటే పని మనది, ఆయన దయతో చెయ్యి వేసినట్టు. రెండు పనులు పూర్తిగా ఆయనవి అయిపోవాలి. నా సలహా, నీళ్లు ఒకటి, అత్తయ్య మాత్రలు రెండోది. ఆవిడ ఆయన కన్నతల్లి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో ఆయనకి తెలిసి ఉండటం న్యాయం. మందుల షాపులో వారానికి ఏడు గదులుండే ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. ఆదివారం రాత్రి ఆయనే కూర్చుని పొద్దుటివి, రాత్రివి డాక్టర్ రాసిన మందుల చీటీ చూసి నింపాలి. మొదటి వారం ఒక గంట పడుతుంది, తర్వాత పది నిమిషాలు.

ఇక్కడ మిమ్మల్నీ ఒక మాట అడుగుతాను, నొచ్చుకోవద్దు. ఆయన చేస్తుంటే మీరు చూస్తూ ఊరుకోగలరా? ఒక రోజు ఆయన మోటార్ వేయడం మర్చిపోతే ట్యాంకర్ తెప్పించాల్సి వస్తుంది. ఇంకో రోజు సంపు నిండి నీళ్లు గేటు దాటి రోడ్డెక్కుతాయి. అప్పుడు "చెప్పానా, మీ వల్ల కాదని" అన్నారంటే ఆ పని అదే రోజు మళ్లీ మీ నెత్తిన పడుతుంది. ఇన్నాళ్లూ అన్నీ మీ చేతిలో ఉంచుకోవడంలో బాధ్యత ఉంది, కొంచెం నమ్మకం లేకపోవడం కూడా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లాడు స్విచ్ వేయడానికి అమ్మ ఇంకో దేశం నుంచి లేపాల్సిన అవసరం లేదు. అలారం వాడికీ తెలుసు.

అత్తయ్య మీద కోపం పెట్టుకోకండి. ఆ వయసులో ఇద్దరు పిల్లలతో ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే భయమే. మాత్ర అడగడానికి చేసిన ఫోన్‌లో సగం మీ గొంతు వినడానికే అయి ఉంటుంది. ఈసారి వెళ్లేముందు ఆవిడకి తోడుగా మీ ఆడపడుచుని వచ్చి ఉండమని అడగండి. నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉంటే ఆమెకే అర్థమవుతుంది. ఫోన్ రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారి, అదీ ఆయన ఫోన్‌కి.

మళ్లీ వెళ్లాలా అంటే, వెళ్లండి, కానీ వెంటనే అంత పెద్దగా వద్దు. ముందు ఒక శని, ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరికి వెళ్లి రండి. ఇంటి ఫోన్లన్నీ ఆయనే తీయాలి. ఆ ఒక్క రాత్రి సరిగ్గా గడిస్తే పెద్ద ప్రయాణం గురించి ఆలోచించొచ్చు. దీవులే కావాలంటే అండమాన్ ఉంది. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, రూపాయల్లోనే ఖర్చు. పోర్ట్ బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయ పురం అంటున్నారు. అక్కడి బజార్లో తెలుగు వినపడుతుంది, మన శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. అక్కడి నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హావ్‌లాక్. గడియారం మనదే అయినా తూర్పున ఉండటం వల్ల చలికాలంలో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. చీకటి పడ్డాక చేసేదేమీ ఉండదు, త్వరగా పడుకోవచ్చు. మీకు కావలసింది అదేనని నా అనుమానం. ఈసారి ఆశ్చర్యపరచడం వద్దని ఆయనకి ముందే చెప్పండి. ఆయనకి సముద్రంలో దిగాలని ఉంటే దిగనివ్వండి, మీకు పది దాకా నిద్రపోవాలని ఉంటే నిద్రపోండి. రెండూ ఒకే సెలవులో పడతాయి.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. ఇప్పటికీ ఏడుపు వస్తోందా? తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదా? ఇష్టమైన పని మీద కూడా మనసు పోవడం లేదా? రెండు వారాలుగా దాదాపు రోజూ ఇలాగే ఉంటే డాక్టర్‌ని కలవండి. మీ వయసులో థైరాయిడ్, రక్తహీనత, నెలసరి మార్పులు కూడా ఇలాంటి నీరసాన్నీ దిగులునీ తెస్తాయి, మామూలు రక్తపరీక్షతోనే కొన్ని బయటపడతాయి. మనసు డాక్టర్ అనగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తి నవ్వేవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల నవ్వుకి భయపడి చాలామంది ఏళ్లు పోగొట్టుకున్నారు, మీరు పోగొట్టుకోవద్దు. ముందు ఎవరితోనైనా మాట్లాడి చూడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈసారి నీళ్లొచ్చే ముందురోజు రాత్రి, ఐదింటి అలారం ఆయన ఫోన్‌లో పెట్టించి, మీ ఫోన్‌లోది తీసేసి పడుకోండి.